అమెరికాలో మొదటి క్రెడిట్ కార్డు రెండుసార్లు రిజెక్ట్ అయింది, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న చదివాను. ఆగస్టులో డాలస్ దగ్గరికి ఎమ్మెస్‌కు వచ్చారు. యూనివర్సిటీ లైబ్రరీలో పని దొరికి ఈమధ్యే ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) చేతికొచ్చింది. వారం తిరక్కుండా రెండు చోట్ల స్టూడెంట్ క్రెడిట్ కార్డుకు అప్లై చేస్తే రెండు చోట్లా కాదన్నారు. మూడో చోట ప్రయత్నించాలా, రూమ్మేట్ కార్డులో పేరు చేర్పించుకోవాలా, స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజుకు తక్కువపడుతున్న 3,000 డాలర్లు కార్డు మీద కట్టొచ్చా అని అడిగారు. ఇండియాలో చదువుకు లోను తీసుకున్నట్టు కూడా ఒక మాట రాశారు. నేను 2016లో ఖమ్మం నుంచి ఇలాగే వచ్చాను, ఈ తిప్పలన్నీ పడ్డాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మూడో అప్లికేషన్ ఇప్పుడే పెట్టొద్దు. అప్లై చేసిన ప్రతిసారీ ఆ సంస్థ మీ క్రెడిట్ ఫైలు, అంటే అప్పులు కట్టిన చరిత్ర, తెరిచి చూస్తుంది. అలా చూసిన గుర్తు రెండేళ్లు రిపోర్టులో ఉంటుంది. అసలు చరిత్రే లేని ఫైల్లో వరసగా ఇవే కనిపిస్తే తర్వాత చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. కాదన్న సంస్థ కారణం చెప్పి తీరాలి, ఇక్కడి చట్టం అది. ఆ ఉత్తరం జాగ్రత్తగా చదవండి. ఏ క్రెడిట్ బ్యూరో (ఆ చరిత్ర నమోదు చేసే సంస్థ) రిపోర్టు చూశారో అందులోనే ఉంటుంది, 60 రోజుల్లోపు అడిగితే ఆ రిపోర్టు మీకు ఉచితంగా ఇస్తారు.

నేను ఆ ఉత్తరం చదవకుండా పక్కన పడేశాను. హిస్టరీ లేదు కాబట్టి ఇవ్వలేదని నాకు నేనే అనుకుని ఇంకో రెండు చోట్ల అప్లై చేశాను. రెండు నెలల తర్వాత తీసి చూస్తే, గుర్తింపు సరిపోలలేదని రాసి ఉంది. అంతా పేరు దగ్గర వచ్చిన తేడా. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ఒక చోట, రెండు ముక్కల పేరు ఇంకో చోట ఉన్నాయి. బ్యాంకులో ఖాతా తెరిచినాయన రెండో ముక్క వదిలేశాడు. ఎస్‌ఎస్‌ఎన్ కార్డులో రెండు ముక్కలూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్ లీజులో ఇంటిపేరే అసలు పేరైంది. కంప్యూటర్‌కు మేము ముగ్గురు మనుషులం! మన తెలుగువాళ్ల పేర్లతో ఇది చాలామందికి జరుగుతుంది. పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం), ఎస్‌ఎస్‌ఎన్ కార్డు, బ్యాంకు ఖాతా, నాలుగూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడండి. అడ్రసు కూడా. అపార్ట్‌మెంట్ నంబరు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోయినా ఇబ్బందే.

పేరు సరిగ్గానే ఉండి, హిస్టరీ లేదనే కాదన్నారంటే మీ ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లి సెక్యూర్డ్ కార్డు అడగండి. మామూలుగా 200 డాలర్లో 300 డాలర్లో డిపాజిట్‌గా తీసుకుని అంతే లిమిట్ ఇస్తారు. మన డబ్బు మనకే అప్పుగా ఇవ్వడమేమిటని నాకూ అప్పట్లో కోపం వచ్చింది. కానీ డిపాజిట్ ఎక్కడికీ పోదు. బాకీ లేకుండా కార్డు మూసేసినప్పుడో, మామూలు కార్డుగా మార్చినప్పుడో తిరిగి వస్తుంది. ఏడాది ఫీజు లేని కార్డు చూసుకోండి. మూడు బ్యూరోలకూ, అంటే ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, ట్రాన్స్‌యూనియన్‌లకు వివరాలు పంపుతారా అని ముందే అడగండి. పంపని కార్డు వాడినా మీకు చరిత్ర తయారుకాదు.

కార్డు వచ్చాక ఫోన్ బిల్లు లాంటిది ఒక్కటి దాని మీద పెట్టి, స్టేట్‌మెంట్ మొత్తం ఆటోపేలో కట్టేలా పెట్టండి. మినిమమ్ కాదు, మొత్తం. బాకీ కొంత మిగిల్చి వడ్డీ కడితే స్కోరు పెరుగుతుందని సీనియర్లు చెబుతారు, అది నిజం కాదు. కనీసం ఒక ఖాతాకు ఆరు నెలల వయసు వస్తేనే ఫైకో స్కోరు (ఇక్కడ ఎక్కువమంది చూసే క్రెడిట్ స్కోరు) పుడుతుంది, అప్పటిదాకా రోజూ యాప్ తెరిచి చూసి టెన్షన్ పడకండి.

నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. కట్టాల్సిన ఆఖరి తేదీ వేరు, స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీ వేరు. సాధారణంగా బ్యూరోకు వెళ్లేది స్టేట్‌మెంట్ నాటి బాకీ. నా లిమిట్ 500. ఒక నెల పుస్తకాలు, ఇంట్లో నలుగురి సరుకులు కలిపి 430 అయింది. గడువులోపే పైసాతో సహా కట్టేశాను, అయినా స్కోరు పడిపోయింది. స్టేట్‌మెంట్ రోజున లిమిట్‌లో 86 శాతం వాడినట్టు నమోదైంది మరి. ఫైకో లెక్కలో సకాలంలో కట్టడానికి 35 శాతం, ఎంత బాకీ ఉన్నామన్నదానికి 30 శాతం బరువు ఉంటుంది. తర్వాతి నెల స్టేట్‌మెంట్‌కు ముందే కట్టాను, మళ్లీ పెరిగింది. ఇలాంటిది సర్దుకుంటుంది. 30 రోజులు దాటిన ఆలస్యం మాత్రం సర్దుకోదు, ఏడేళ్లు రిపోర్టులో కూర్చుంటుంది.

రూమ్మేట్ కార్డులో పేరు చేర్పించుకోవడం తప్పేమీ కాదు, సొంత అక్కో అన్నో అయితే చేయండి. నాలుగు నెలల పరిచయానికి వద్దు. వాళ్లు కట్టకపోతే ఆ మచ్చ మీ రిపోర్టులోనూ కనిపించవచ్చు. కరెంటు బిల్లు మీ పేరున ఉంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీరే దగ్గరుండి మూయించండి. ఆఖరి బిల్లు ఎవరూ కట్టకపోతే అది కలెక్షన్‌కు, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, వెళ్లేది మీ పేరు మీదే.

ఫీజు కార్డు మీద కట్టొద్దు. మొదటి కార్డుకు అంత లిమిట్ రాదు, వచ్చినా విద్యార్థుల కార్డుల వడ్డీ 20 శాతం పైమాటే. చాలా యూనివర్సిటీలు కార్డుతో కడితే అదనంగా రుసుము కూడా తీసుకుంటాయి. అకౌంట్స్ ఆఫీసుకు వెళ్లి వాయిదాల పద్ధతి ఉందా అని అడగండి, చాలాచోట్ల సెమిస్టర్ ఫీజును మూడు నాలుగు భాగాలుగా కట్టనిస్తారు. ఇండియా లోనులో ఇంకా తీసుకోని మొత్తం ఉంటే స్ప్రింగ్ ఫీజు ఇన్‌వాయిస్ ఇప్పుడే బ్రాంచికి పంపండి. అక్కడ సంతకాలకూ కాగితాలకూ రోజులు పడతాయి.

మీరు ఆ లోను గురించి ఒక్క వాక్యమే రాసి వదిలేశారు, నాకు మీ ప్రశ్న అంతటిలో అదే ముఖ్యమనిపించింది. హిస్టరీ లేనిది మీకు. మీ నాన్నగారికి ఉంది, దాన్ని చూసే బ్యాంకు మీకు డబ్బిచ్చింది. ఆయన కో-అప్లికెంట్ అయితే ఆ లోను ఆయన సిబిల్ (ఇండియాలోని క్రెడిట్ బ్యూరో) రిపోర్టులో కూడా ఉంటుంది.

మా ఇల్లు తనఖా పెట్టి నేను 25 లక్షలు వాడుకున్నాను. చదువైపోయి, ఆపై ఈఎంఐ కట్టనక్కర్లేని ఆరు నెలల గడువు కూడా ముగిసేసరికి వడ్డీతో కలిపి 30 లక్షలైంది, ఈఎంఐ 40 వేల పైన. అప్పుడే ఉద్యోగంలో చేరాను. డబ్బు పంపే కంపెనీ కాగితాలు కావాలని నా ట్రాన్స్‌ఫర్ ఆపేసింది, నేనూ ఆఫీసు పనిలో పడి వెంటపడలేదు. రెండు ఈఎంఐలు తప్పాయి. మెసేజ్‌లన్నీ నాన్న పాత ఫోనుకు వెళ్లాయి, ఆయన ఇంగ్లిష్ మెసేజ్‌లు చదవరు. నాన్నకు ఎరువుల కొట్టు ఉంది. సీజనుకు ముందు సీసీ లిమిట్ (వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) రెన్యువల్‌కు వెళితే మేనేజర్ నలుగురి ముందు అడిగాడట, మీ అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తూ లోను కట్టడం లేదేమిటని. ఇరవై ఏళ్లలో ఒక్క చెక్కు వెనక్కి రాని మనిషి ఆయన. నాకు మూడు రోజుల తర్వాత అమ్మ చెబితే తెలిసింది. డబ్బు ఆ రాత్రే కట్టేశాను. కానీ అప్పట్లో బ్యూరోకు వివరాలు నెలకోసారి వెళ్లేవి, రికార్డు మారేదాకా రెన్యువల్ ఆగింది. నాన్న బయట వడ్డీకి తెచ్చి సరుకు దించారు. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారైనా పంపాలని ఆర్‌బీఐ నిబంధన తెచ్చింది. కట్టింది తొందరగా కనిపిస్తుంది, తప్పింది కూడా అంతే తొందరగా కనిపిస్తుంది.

ఈ వారమే బ్రాంచికి ఫోన్ చేసి లోను ఖాతాకు మీ ఈమెయిల్ జతచేయించండి, మొదటి ఈఎంఐ తేదీ రాసిపెట్టుకోండి. లైబ్రరీ జీతంలో నెలకు 50 డాలర్లు మిగిలినా వడ్డీ కిందికి పంపండి. ఈఎంఐలు మొదలయ్యేలోగా రెండు మూడు నెలల మొత్తం నాన్నగారి ఖాతాలో ఉండేలా చూసుకోండి, ట్రాన్స్‌ఫర్ ఆగినా ఈఎంఐ ఆగదు.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-20, ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మూడూ పట్టుకెళ్లండి. సెక్యూర్డ్ కార్డు కూడా ఇవ్వలేమని వాళ్లంటే మీ యూనివర్సిటీ విద్యార్థులను చేర్చుకునే క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు లాంటిది) ఏదైనా ఉందేమో చూడండి. ఆ ఉత్తరాల్లో ఏ కారణం రాశారో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.