అక్కడి ఓటరు మనసు మారితే ఇక్కడ మన లెక్క మారుతుంది

ప్రశ్న: మా బాబు బీటెక్ (సీఎస్‌ఈ) పూర్తి చేశాడు. 2026 సెప్టెంబరులో చేరేలా యూకేలో ఏడాది ఎంఎస్సీకి ఆఫర్ వచ్చింది. బ్రెగ్జిట్ తర్వాత అక్కడివాళ్లకు బయటివాళ్లంటే పడటం లేదని మా తోడికోడలు అంటోంది. లోన్‌కు ఇల్లు తాకట్టు పెట్టాలి. పంపమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ తోడికోడలి మాటలో కొంత నిజముంది. 2016 జూన్ 23న యూకేలో ఓటేసినవాళ్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేద్దామన్నారు. అదే బ్రెగ్జిట్. అప్పటి కోపం చాలావరకు తూర్పు యూరప్ నుంచి వీసా లేకుండానే పనికి వచ్చేవాళ్ల మీద. వాళ్లు పొలం పనులకు ఎక్కువగా చేరిన ఇంగ్లండ్‌లోని బోస్టన్ అనే ఊళ్లో నాలుగింట మూడొంతుల మంది విడిపోదామన్నారు. లండన్, స్కాట్లాండ్ మాత్రం కలిసే ఉందామన్నాయి.

2021 జులైలో చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా తెచ్చారు. మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతే. విడిపోతే వలసలు తగ్గుతాయనుకున్న జనానికి 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలే సంఖ్య) తొమ్మిది లక్షలు దాటడం మింగుడుపడలేదు. 2024 ఆగస్టులో కొన్ని ఊళ్లలో అల్లర్లూ జరిగాయి. ప్రభుత్వం మారినా నిబంధనలు బిగుస్తూనే వచ్చాయి.

బాబుకు నేరుగా తగిలేది ఇది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. తన కోర్సు అయ్యేది 2027 చివర్లో కాబట్టి తనకూ అంతే. ఆ తర్వాతా అక్కడే ఉండాలంటే ఆలోపు స్పాన్సర్ చేసే, అంటే ఉద్యోగమిచ్చి వీసాకు పూచీపడే, కంపెనీ దొరకాలి. అలా వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు 33,400.

నా దగ్గరికి వచ్చి వెళ్లిన ఒక అబ్బాయి అక్కడి నుంచి ఫోన్ చేసి చెప్పాడు. జాబ్ అప్లికేషన్‌లో ‘మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?’ అనే ప్రశ్న ఉంటుందట. ‘అవును’ అని టిక్ పెట్టిన చాలా చోట్ల నుంచి మళ్లీ కబురే లేదట. ఆ అబ్బాయి చదువులో ఎక్కడా తక్కువ కాదు.

అందుకే ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం పంపకండమ్మా. రేపు వెనక్కి వచ్చినా హైదరాబాద్ జీతంతో తీర్చగలిగినంత అప్పే చేయండి. యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితా ఉంది. అందులోంచి తన సబ్జెక్టులో ఫ్రెషర్లను తీసుకునే పది కంపెనీలు, అవి ఇచ్చే జీతాలు ఈ వారంలో బాబునే రాసి మీకు చూపించమనండి. పది దొరక్కపోతే ముందు ఇక్కడే రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి.