బీమా అయిపోయిన కారును స్నేహితుడు గుద్దితే పరిహారం ఎవరు కట్టాలి?

పాలసీ పన్నెండు రోజుల క్రితం అయిపోయింది, స్నేహితుడు కారు అడిగి తీసుకెళ్లి బైకును గుద్దాడు, బైకాయన కాలు విరిగింది, నడిపింది నేను కాదు కదా అని మీ ప్రశ్న.

క్రిమినల్ కేసు వరకూ ఆ మాట చెల్లుతుంది. నిర్లక్ష్యంగా నడిపిన నేరం నడిపినవాడిదే. కానీ బీమా లేని బండిని ఇంకొకరి చేతికివ్వడం కూడా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146కి విరుద్ధం. సెక్షన్ 196 కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అతనికి లైసెన్సు కూడా లేకపోతే సెక్షన్ 180 కింద మీ మీద ఇంకో కేసు.

అసలు బరువు పరిహారంది. తాళం ఇష్టపూర్వకంగా ఇచ్చారు కాబట్టి ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే ప్రత్యేక కోర్టు) మామూలుగా మీ ఇద్దరినీ కలిపీ, విడివిడిగానూ బాధ్యుల్ని చేస్తుంది. అంటే మొత్తం డబ్బు మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. స్నేహితుడి దగ్గర రాబట్టుకోవడం ఆ తర్వాత మీ తలనొప్పి. కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. బాధితుడు సెక్షన్ 164 ఎంచుకుంటే నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేదు: తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు. ఎముక విరిగితే తీవ్ర గాయమే.

"తొంభై రోజులు గ్రేస్ ఉంటుందట" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ తొంభై రోజులు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోకుండా ఉండటానికే. కవరేజీ గడువు తేదీ అర్ధరాత్రితోనే ఆగిపోతుంది. ఇప్పుడు కొత్త పాలసీ కొన్నా అందులో మొదలైన తేదీ, గంట రాసి ఉంటాయి, జరిగినదానికి పనికిరాదు.

కారు స్టేషన్‌లో ఉంటే త్వరపడండి. బీమా లేని బండిని, రాబోయే పరిహారానికి సరిపడా పూచీ ఇస్తేనే వదులుతారు. మూడు నెలల్లో ఇవ్వకపోతే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమ చేస్తారు.

ఎవరు నడిపారని పోలీసులు అడిగితే నిజం చెప్పండి, అది యజమానిగా మీ చట్టబద్ధ బాధ్యత. లైసెన్సున్న ఇంకొకరిని డ్రైవరుగా చూపించే సలహా కచ్చితంగా ఎవరో ఒకరు ఇస్తారు. సీసీ కెమెరాలు, ఫోన్ రికార్డుల ముందు ఆ కథ నిలవదు, పైగా తప్పుడు సాక్ష్యం కేసు కొత్తగా వస్తుంది. ఎఫ్ఐఆర్, స్థలం ఫొటోలు, మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, స్నేహితుడి లైసెన్సు కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. బైకాయన తప్పు కొంత ఉంటే (రాంగ్ రూటు, లైటు లేకపోవడం) పరిహారం ఆ మేరకు తగ్గేది వీటితోనే. సెక్షన్ 164 కింద మాత్రం ఆ వాదన పనిచేయదు.

ట్రిబ్యునల్ నోటీసు వస్తే వకీలును పెట్టి కౌంటరు (రాతపూర్వక జవాబు) వేయాల్సిందే. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు లేకుండానే విచారించి, అవతలివాళ్లు చెప్పిన లెక్కల మీదే ఆర్డరు ఇస్తారు. స్నేహితుడి పేరు పిటిషన్‌లో లేకపోతే అతన్నీ పార్టీగా చేర్చమని అడగండి.

మీ కారు రిపేరు ఖర్చు స్నేహితుడి దగ్గరే రాబట్టుకోవాలి. ఇస్తానన్నది కాగితం మీద రాయించుకోండి. ఇవ్వకపోతే సివిల్ దావాకు మూడేళ్లు గడువుంది.

కారు అమ్మేసి ఆర్‌సీ మార్పించని వాళ్లదీ ఇదే పరిస్థితి. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.