అమ్మా, ఆ అగ్రిమెంట్‌లో భయపడాల్సింది రెండేళ్ల గురించి కాదు

అమ్మా, మీ అబ్బాయి గుంటూరులో ఇంట్లోంచే ఫ్రీలాన్స్ వీడియో ఎడిటింగ్ చేస్తున్నాడు, హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి పని ఇస్తామంది, కానీ అగ్రిమెంట్‌లో మాకు చేస్తున్నంతకాలం, మానేశాక ఇంకో 2 ఏళ్లు వేరే ఏజెన్సీకి చెయ్యకూడదు, చేస్తే 5 లక్షలు కట్టాలి అని ఉంది, సంతకం పెట్టొచ్చా అని అడిగారు. అలా ఉన్నదున్నట్టు అయితే వద్దమ్మా.

మీ దిగులంతా ఆ 2 ఏళ్ల గురించే కదా, అది నిజానికి నిలబడేది కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం చెల్లదు, క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా కాంట్రాక్ట్ ముగిశాక అలాంటి కట్టడి చెల్లదనే చెప్పింది.

నా భయమల్లా ఆ "చేస్తున్నంతకాలం" అన్న ముక్క గురించి. దాన్ని కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి, 1967లో గోలికరి అనే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచీ అంతే. ఉద్యోగం చేసేవాళ్లకి నెల తిరిగేసరికి జీతం పడుతుంది, మీవాడికి ఆ ఏజెన్సీ ఒక నెల పని ఇవ్వకపోతే చేతిలో రూపాయి ఉండదు, పోనీ బయట చేసుకుందామంటే ఒప్పందం తప్పినట్టవుతుంది. జీతం ఇవ్వకుండా ఉద్యోగిలా కట్టిపడేయడం ఇది, చాలా అన్యాయం.

5 లక్షలంటారా, అదే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సబబు అనుకున్నంతే ఇప్పిస్తుంది, రాసిన అంకెని మించకుండా. కాకపోతే వ్యవహారం కోర్టు దాకా వెళ్లదు, ఒక లాయర్ నోటీసు పంపి రావాల్సిన బిల్లు ఆపేస్తే చాలు, పిల్లలు బెదిరిపోతారు. నా దగ్గరికొచ్చిన ఒక డిజైనర్ అమ్మాయి అలాగే 3 నెలల డబ్బులు వదిలేసుకుంది, ఇప్పటికీ బాధేస్తుంది నాకు.

అందుకే ముందే మెయిల్ పెట్టమనండి, ఈ క్లాజ్ తీసేసి "మీ ద్వారా పరిచయమైన ఈ క్లయింట్లకి 6 నెలలు నేరుగా పని చెయ్యను" అని పేర్లతో రాయమని, లేదూ మాకొక్కళ్లకే చెయ్యాలంటే పని ఉన్నా లేకపోయినా నెలకింత అని ఖాయంగా ఇవ్వమని. క్లయింట్ల వివరాలు బయటపెట్టను అనే షరతు ఉంటే ఉండనివ్వండి, అది న్యాయమే. ఫోన్లో "అదేం లేదు బ్రో, ఊరికే ఫార్మాలిటీ" అంటే మాత్రం, మరి ఫార్మాలిటీనే అయితే తీసేయండి అనమనండి. వాళ్లు ఏం జవాబిచ్చారో చూసి, సంతకం పెట్టకముందే నాకు మళ్లీ రాయండి.