పక్కటెముక మీద గడ్డ: క్యాన్సర్ కాదంటూనే ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. కుడివైపు పక్కటెముక మీద, ఛాతీ ముందు భాగంలో గట్టి గడ్డ చేతికి తగులుతోంది. నొప్పి లేదు కానీ ఏడాదిలో కాస్త పెరిగింది. సీటీ స్కాన్ చూసి 4 సెంటీమీటర్లు ఉందని, కాండ్రోమా కావచ్చని, అది క్యాన్సర్ కాదని చెప్పారు. అయినా పక్కటెముకలో కొంత భాగం తీసేయాలంటున్నారు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే చాలదా? ఎముక తీసేస్తే ఊపిరికి ఇబ్బంది రాదా?

సలహా: మీ రిపోర్టులో ‘కావచ్చు’ అని ఉంది చూశారా, అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. కాండ్రోమా అంటే మృదులాస్థి (కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముక) నుంచి పుట్టే మామూలు గడ్డ. కానీ కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్ కూడా అక్కడే, అదే రూపంలో పెరుగుతుంది. స్కాన్‌లో రెండూ ఒకలాగే కనిపించవచ్చు. సూదితో తీసిన ముక్కలో మామూలు కణాలే వచ్చినా, గడ్డలో మరోచోట క్యాన్సర్ కణాలు ఉండొచ్చు. అందుకే గడ్డను చుట్టూ కొంత మంచి భాగంతో కలిపి ఒకే ముక్కగా తీసి, మొత్తాన్ని పరీక్షించాకే ఖాయంగా చెప్పగలం. ఒకవేళ అది క్యాన్సరే అయితే కీమో, రేడియేషన్ దానిమీద అంతగా పనిచేయవు. మొదటి ఆపరేషనే సరిగ్గా జరగాలి.

పక్కటెముక మీద వచ్చే ప్రతి గడ్డకూ ఇలా కోత అక్కర్లేదు. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (ఎముకలో కొంత భాగం నారలాంటి కణజాలంగా మారే, క్యాన్సర్ కాని సమస్య) అయితే, నొప్పి, పెరుగుదల లేనప్పుడు అప్పుడప్పుడు స్కాన్ తీసి గమనిస్తే చాలు. మీది పెద్దయ్యాక పెరుగుతున్న మృదులాస్థి గడ్డ. దీన్ని చూస్తూ కూర్చోమని నేను చెప్పలేను.

ఊపిరి గురించి అంత టెన్షన్ వద్దు. తీసిన చోట ఖాళీ 5 సెంటీమీటర్లలోపు ఉంటే సాధారణంగా పైనున్న కండరాలే కాపాడతాయి. అంతకన్నా పెద్దదైతే మెష్ (వలలాంటి అతుకు), అవసరాన్ని బట్టి టైటానియం ప్లేట్లు అమర్చి, పైన కండరం కప్పుతారు. అసలు కష్టం ఆపరేషన్ తర్వాతి నొప్పే. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయకపోతే, దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. కాబట్టి నొప్పి మందులు అడిగి మరీ తీసుకోండి, ఊపిరి వ్యాయామాలు ఇప్పుడే మొదలుపెట్టండి. పొగతాగే అలవాటుంటే ఈరోజే మానేయండి.

ఛాతీ ఆపరేషన్లు చేసే థొరాసిక్ సర్జన్‌ను కలిసి, ఎంత భాగం తీస్తారో, ఖాళీని దేనితో మూస్తారో అడగండి. తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో అంచుల్లో గడ్డ కణాలు మిగల్లేదని రాసి ఉందో లేదో తప్పకుండా చూపించుకోండి.