అభిమాన సంఘం మూసేయడానికి అధ్యక్షుడి మెసేజ్ చాలదు

ప్రశ్న: మాది కావలి. ఒక లీగ్ కబడ్డీ జట్టుకు అభిమాన సంఘం పెట్టుకుని 2016లో సొసైటీగా రిజిస్టర్ చేయించాం. సభ్యులం 140 మంది. నేను కోశాధికారిని. జట్టు చేతులు మారాక టికెట్ల ధర పెంచారు, జెర్సీ రంగు మార్చారు. మేం గ్యాలరీలో నల్ల బ్యానర్ కట్టి నిరసన తెలిపితే, డబ్బు కట్టి తీసుకున్న మా సీజన్ పాసులు రద్దు చేశారు. ఆపైన లాయర్ నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో జట్టు పేరు, లోగో వాడటం ఆపాలట, మా ఫేస్‌బుక్ పేజీ వాళ్లకు అప్పగించాలట, పది లక్షలు నష్టపరిహారం కట్టాలట. మా అధ్యక్షుడు భయపడి ‘సంఘం మూసేశాం’ అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశారు. ఖాతాలో లక్షా 86 వేలు ఉంది. పంచేయమని కొందరు, వద్దని కొందరు. చెక్కు మీద సంతకం నాది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు ఆ చెక్కుబుక్కు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఒక్క రూపాయి తీయొద్దు. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

మీ సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఉంది. ఆ డబ్బు సంఘానిది, సభ్యులది కాదు. సొసైటీని నిజంగానే రద్దు చేసినా, అప్పులు తీర్చగా మిగిలింది సభ్యులు పంచుకోకూడదు. అలాంటి ఆశయంతోనే పనిచేసే మరో సంఘానికి ఇవ్వాలి. ‘మన చందాలే కదా, తలా వెయ్యి తీసుకుంటే తప్పేముంది’ అని అడిగేవాళ్లకు ఈ మాట చెప్పండి. పంచాక ఒక్క సభ్యుడు ఫిర్యాదు చేసినా, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం కేసు మొదట తగిలేది సంతకం పెట్టిన మీకే.

ఇక మూసివేత. అధ్యక్షుడు సంఘాన్ని నడిపే మనిషేగానీ సొంతదారు కాదు. వాట్సాప్ మెసేజ్‌తో సొసైటీ రద్దు కాదు. మీ బైలా, అంటే సంఘం నియమావళి ప్రకారం సభ్యులందరికీ నోటీసు ఇచ్చి సర్వసభ్య సమావేశం పెట్టాలి. చట్టం చెప్పిన ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి. దాన్ని మినిట్స్ బుక్కులో రాసి రిజిస్ట్రార్‌కు తెలపాలి. గది అడ్వాన్సు, అమ్ముడుపోని సరుకు, ఎవరికైనా బాకీలు ఉంటే అవన్నీ లెక్కలోకి రావాలి. అప్పటిదాకా మీ సంఘం బతికే ఉంది. మీలో మీకు తేడా వస్తే అదే చట్టం 23వ సెక్షన్ కింద ఏ సభ్యుడైనా ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట తీర్పరి చేసే పరిష్కారానికి) గానీ, నెల్లూరు జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు.

నోటీసు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది. లాయర్ నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అది ఎదుటివారి డిమాండు, అంతే. అలాగని చెత్తబుట్టలో వేయకండి. అందులో కొంత న్యాయం వాళ్ల వైపు కూడా ఉంది. లోగో వాళ్ల ట్రేడ్‌మార్కు. దాన్ని టీషర్టుల మీద వేసి అమ్మి ఉంటే ఈ రోజే ఆపండి. సభ్యులకే అమ్మాం, లాభం తీసుకోలేదు అన్న వాదన మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. దావా పడితే సంఘంతో పాటు అమ్మినవాళ్లను కూడా పార్టీలుగా చేర్చవచ్చు. పేరు సంగతి వేరు. ‘ఫలానా జట్టు అభిమానులం’ అని నిజాయితీగా చెప్పుకోవడానికి ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని 30వ సెక్షన్ కొంత చోటు ఇస్తుంది. అయితే మీది జట్టువారి అధికారిక సంఘం అనిపించేలా ఏదీ ఉండకూడదు.

ఫేస్‌బుక్ పేజీ అప్పగించమనడం మాత్రం అతి. అది మీ కష్టం. గ్యాలరీలో మీరు తీసిన ఫొటోల మీద కాపీరైటు తీసినవారిదే. టీవీ నుంచి కోసి పెట్టిన క్లిప్పులు ఉంటే మాత్రం తీసేయండి, వాటి హక్కులు ప్రసారకర్తవి.

పది లక్షల అంకె చూసి బెదరకండి. నష్టం ఎంతో వాళ్లే రుజువు చేయాలి. ఇలాంటి వాణిజ్య దావాల్లో అత్యవసర ఉత్తర్వు అడగకపోతే, కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. నన్నడిగితే మీరే ముందుగా కూర్చుని మాట్లాడదామని రాయండి. గడువులోపు స్థానిక న్యాయవాదితో స్పీడ్ పోస్టులో జవాబు పంపండి. లోగో ఆపాం, పేరు మార్చుకునే విషయం సమావేశంలో పెడతాం, పేజీ ఇవ్వం, పరిహారం ఒప్పుకోం – ఈ నాలుగు ముక్కలు చాలు.

పాసుల విషయంలో మీదే పైచేయి. డబ్బు తీసుకుని కారణం చెప్పకుండా రద్దు చేస్తే అది సేవా లోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. రసీదులు, రద్దు చేసినట్టు వచ్చిన మెసేజ్‌లు దాచండి. పాసు వెనక ఉన్న షరతులు కూడా చదవండి, బ్యానర్ల మీద నిషేధం అందులో ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. ధర పెంచారని, రంగు మార్చారని విమర్శించడం మీ హక్కు. యజమాని డబ్బు తిన్నాడని రుజువు లేకుండా రాస్తే మాత్రం పరువునష్టం కేసు మీ మీదికి వస్తుంది.

జట్టు మీద అభిమానికి చట్టం ఏ వాటా ఇవ్వలేదు. 2012లో హైదరాబాద్ ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్‌ను రద్దు చేసినప్పుడు గొడవంతా క్రికెట్ బోర్డుకూ యాజమాన్యానికీ మధ్యే నడిచింది. 2009లో ఆ జట్టు కప్పు గెలిచిందని మురిసిపోయినవాళ్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అందుకే మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ సంఘం మీద మీకు హక్కు ఉంది. జట్టు పేరు తీసేసి, కబడ్డీ అభిమానుల సంఘంగా పేరు మార్చుకుని, ఆ లక్షా 86 వేలతో ఊళ్లో పిల్లలకు మ్యాట్ కొనిపెట్టినా బైలా ఒప్పుకుంటే అడ్డు చెప్పేవారు లేరు. రద్దుతో పాటు ఈ ప్రతిపాదనను కూడా సమావేశం ఎజెండాలో చేర్చండి. బైలా కాపీ మీ దగ్గర లేకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి నకలు తీసుకుని, దాంతోనే న్యాయవాది దగ్గరికి వెళ్లండి.