బూట్ సేల్‌లో కనిపించిన పాత స్ప్లిట్ కేన్ రాడ్ కొనొచ్చా?

బర్మింగ్‌హామ్ దగ్గర కార్ బూట్ సేల్‌లో (కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంత) మూడు ముక్కల పాత వెదురు ఫిషింగ్ రాడ్ చూశానని, 60 పౌండ్లు చెప్పారని, దాంతో నిజంగా చేపలు పట్టొచ్చా లేక గోడకి తగిలించుకోవడానికేనా అని అడిగారు. పట్టొచ్చండీ. నేను తొమ్మిదేళ్ళుగా పడుతున్నాను. నా దగ్గర ఇప్పుడు ఏడు రాడ్లున్నాయి, ఏడూ నీళ్ళ దగ్గరికి వెళ్ళేవే. కాకపోతే డబ్బులిచ్చే ముందు ఒక పది నిమిషాలు నిలబడి చూసుకోవాలి.

ముందు అదేమిటో చెప్తాను. మాది కోనసీమ. చిన్నప్పుడు కాలువ గట్టున మేం వాడింది నిండు వెదురు కర్ర. దానికో దారం, జీలుగు బెండు, కొక్కేనికి ఎర్ర. స్ప్లిట్ కేన్ అలా కాదు. వెదురుని నిలువునా చీల్చి, ఒక్కో బద్దనీ 60 డిగ్రీల మూలలొచ్చేలా ముక్కోణంగా చిత్రిక పట్టి, ఆరు బద్దల్ని జిగురుతో అతికిస్తారు. అడ్డంగా కోస్తే ఆరు పలకలు కనిపిస్తాయి. వెదురు బలమంతా పై పెచ్చుని ఆనుకుని ఉన్న నారలోనే ఉంటుంది. లోపలి మెత్తని భాగం తీసేసి, ఆ గట్టి నార చుట్టూ బయటివైపు వచ్చేలా కూర్చడమే ఇందులో కిటుకు. తొలిరోజుల్లో ఈ రాడ్లకి మన దేశం నుంచి వెళ్ళిన వెదురే వాడారు, ‘కలకత్తా కేన్’ అనేవారు. తర్వాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వెదురుకి మారారు. టోంకిన్ కేన్ అని వినే ఉంటారు, అదే.

రెండేళ్ళ క్రితం నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు నా రాడ్ ఒకటి చేతికిచ్చాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, బొటనవేలితో కింది నుంచి పైదాకా మెల్లగా తడుముకుంటూ పోయారు. ఒకచోట ఆగారు. రాడ్ కొంచెం తిప్పి, మళ్ళీ రెండంగుళాల పైన ఆగారు. “కణుపులన్నీ ఒక్కచోట పడకుండా జరిపి వేశాడ్రా. పని తెలిసినవాడు” అన్నారు. మా వీధి చివర మేదర్లు బుట్టలల్లుతుంటే చూస్తూ పెరిగిన మనిషి ఆయన. కణుపు దగ్గరే వెదురు విరుగుతుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీరూ కళ్ళకంటే ముందు వేళ్ళతో చూడండి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. మూడు ముక్కల్నీ పక్కపక్కన నిలబెట్టండి. చాలా రాడ్లలో ముక్కలు ఒకే పొడవుంటాయి. చివరి ముక్క రెండు మూడంగుళాలు తక్కువుంటే, ఎప్పుడో కొస విరిగిపోతే పైన కొత్త రింగు (తీగ దూరే వలయం) పెట్టి కట్టేశారని అర్థం. నేను కొన్న రెండో రాడ్ అలాంటిదే. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర ఫోటోలు చూసి కొన్నాను. ఇంటికొచ్చాక కొలిస్తే మూడంగుళాలు లేదు. డబ్బులు వెనక్కి రాలేదు. కొస లేని రాడ్ కర్రలాగే ఉంటుంది, సన్నని గాలం తీగ చివర చేప చేసే పోరాటం దాంట్లోంచి మనకి తెలియదు.

తర్వాత ఫెరూళ్ళు, అంటే ముక్కల్ని కలిపే లోహపు గొట్టాలు. నాకు వీటి మీద ఉన్నంత పట్టింపు ఇంకే భాగం మీదా లేదు. రాడ్ కలిపి గాలిలో మెల్లగా ఊపండి. ‘టిక్ టిక్’ మంటే అక్కడ వదులుందని లెక్క. విడదీసేటప్పుడు సీసా మూత తీసినట్టు చిన్నగా ‘టప్’ మనాలి. అలా అంటే ఆ రాడ్‌ని ఎవరో జాగ్రత్తగా వాడారు. మెలితిప్పి మాత్రం లాగొద్దు, అతికిన బద్దలు వదిలేస్తాయి. గట్టిగా పట్టేస్తే కొంచెం ముందుకి వంగి, రాడ్‌ని మోకాళ్ళ వెనకగా అడ్డంగా పెట్టుకుని, మోకాళ్ళకి అటూ ఇటూ చేతులతో పట్టుకుని, మోకాళ్ళు మెల్లగా విడదీయండి. చేతులు తిన్నగా పక్కలకి జరుగుతాయి, ఫెరూల్ ఊడి వస్తుంది. నాకిది కాలువ మీద ఒక పెద్దాయన నేర్పారు.

పలకల మధ్య సన్నని నల్లటి సందు కనిపిస్తే అక్కడ జిగురు వదిలింది. ఫెరూల్ పక్కనే అలా ఉంటే వదిలేయండి. వెలుతురు వైపు పెట్టి ఒక కన్నుతో చూస్తే కొస ఒక పక్కకి కొద్దిగా వంగి ఉండొచ్చు, అది వాడకంతో వచ్చిన వంపు. దాని గురించి టెన్షన్ పడకండి. రింగుల్లో చిన్న దూది ముక్క లాగి చూడండి, ఎక్కడైనా పట్టుకుంటే రింగు పగిలినట్టే. రింగు మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు.

పిడి పైన ఆల్‌కాక్స్ అని, రాడ్లు చేసిన పాత కంపెనీ స్టిక్కర్ ఉందేమో చూడండి. వాళ్ళది రెడిచ్, మీకు దగ్గరే. ఒకప్పుడు సూదులకి పేరుపడ్డ ఊరు, సూదులు చేసిన చేతులే గాలం కొక్కేలూ చేశాయి. వాళ్ళ ‘వాలిస్ విజర్డ్’ 11 అడుగుల రాడ్, మూడు ముక్కలు. కింది ముక్క చీల్చని నిండు వెదురు, పై రెండూ స్ప్లిట్ కేన్. నాకు బాగా ఇష్టమైనది అదే. పట్టుకుంటే కింద మా ఊరి కర్ర, పైన వీళ్ళ పనితనం. మీరు చూసింది అదే అయితే, ఫెరూళ్ళు బాగుంటే, ఇంకేం ఆలోచించొద్దు.

హార్డీ, బి. జేమ్స్ లాంటి పేరున్న తయారీదార్ల రాడ్లకి రేటు చాలా ఎక్కువ. బి. జేమ్స్ ‘మార్క్ 4’ కి అంత పేరు రిచర్డ్ వాకర్ అనే పేరుమోసిన గాలగాడి వల్ల వచ్చింది. ఆ రాడ్ రూపకల్పన ఆయనదే. 1952 సెప్టెంబరు 13న రెడ్‌మైర్ పూల్ అనే చెరువులో ఆయన 44 పౌండ్ల కార్ప్ చేపని పట్టాడు, అంటే దాదాపు 20 కిలోలు. దాన్ని లండన్ జూకి ఇస్తే అక్కడ ఏళ్ళ తరబడి బతికింది. ‘టెస్ట్ కర్వ్’ కొలత కూడా ఆయన చెప్పిందే: కొస, పిడికి లంబంగా వంగడానికి ఎంత బరువు కావాలో అది. దాన్ని అయిదుతో గుణిస్తే వాడాల్సిన తీగ బలం వస్తుంది. మార్క్ 4 కి ఒకటిన్నర పౌండ్లు, కాబట్టి ఏడున్నర పౌండ్ల తీగ. మీ రాడ్‌కి కొస నుంచి చిన్న సంచి వేలాడదీసి ఒక్కో గుప్పెడు బియ్యం వేస్తూ ఇంట్లోనే చూసుకోవచ్చు, పూర్తిగా వంచక్కర్లేదు, అంచనా తెలుస్తుంది. మామూలు నైలాన్ తీగే వాడండి. అల్లిన తీగ అసలు సాగదు, కుదుపంతా వెదురు మీదే పడుతుంది.

కొన్నాక వెంటనే గీకి కొత్త వార్నిష్ వేయాలనిపిస్తుంది. వద్దండీ. పట్టుదారం చుట్లు, పాత అక్షరాలు పోతే మళ్ళీ రావు. చుట్లు ఊడినచోట మాత్రం కట్టించండి. ఇంకోటి, నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఒకసారి వానలో తడిసొచ్చి, తడి గుడ్డసంచిలోనే రాడ్ పెట్టి రెండు వారాలు మర్చిపోయాను. తీసేసరికి వార్నిష్ పాలిపోయినట్టు తెల్లబడింది, సంచికి బూజు, ఒకచోట జిగురు వదిలింది. ఆ రాడ్ మళ్ళీ పనికి రాలేదు, ఇప్పటికీ బాధే. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, ఒక రాత్రి బయట ఆరనిచ్చి, సంచి విడిగా ఆరబెట్టి, అప్పుడు వేలాడదీయండి. మూలకి చేరగిలేసి పెడితే అలాగే వంగిపోతుంది.

లైసెన్స్ లేకుండా వెళ్ళకండి, ప్రభుత్వ సైట్ GOV.UK లో దొరుకుతుంది. చెరువు వాళ్ళ డే టికెట్ వేరే. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మామూలు చేపలు (సాల్మన్, ట్రౌట్ కానివి) పట్టకూడదు.

మొదటిసారి పెద్ద కార్ప్ ఉన్న చెరువుకి వెళ్ళొద్దు. రోచ్, చిన్న టెంచ్ లాంటి చేపలున్న చోటు చూసుకోండి. టెంచ్ పట్టినప్పుడు తెలుస్తుంది: బెండు పక్కకి జరిగి మునుగుతుంది, మీరు రాడ్ ఎత్తుతారు, వంపు కొస నుంచి మొదలై పిడి దాకా నిదానంగా దిగుతుంది, చేప తల విదిలించిన ప్రతిసారీ అరచేతిలో ‘దబ్ దబ్’ మని తగులుతుంది. కార్బన్ రాడ్‌తోనూ పట్టాను, ఇలా తగల్లేదు. ఆలివ్ రంగు ఒళ్ళు, ఎర్రటి చిన్న కళ్ళు, జారిపోయే చర్మం. చేతులు తడుపుకుని పట్టుకుని, కొక్కెం తీసి, నీళ్ళలోనే వదిలేయండి.

ఆ బూట్ సేల్ మళ్ళీ వచ్చే ఆదివారం ఉంటే, కొలిచే టేపు, కాస్త దూది జేబులో పెట్టుకుని పొద్దున్నే వెళ్ళండి. ముక్కలు సమానంగా ఉండి ఫెరూల్ ‘టప్’ మంటే 50 కి అడగండి, ఇవ్వకపోతే 60 ఇచ్చి తెచ్చేసుకోండి.