మిరప కారం, ఆవ ఘాటు ఒకటేనా?

మిరపకాయ, మిరియాలు, అల్లం, ఆవాలు అన్నిటిలోనూ కారం ఒకే పదార్థం వల్ల వస్తుందా అని అడిగారు. కాదండీ, దేని రసాయనం దానిదే. ఇది నాకు వంటింట్లోనే తెలిసొచ్చింది.

ఒకసారి గుప్పెడు పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి, లోపలి తెల్లటి ఈనెలు గోటితో గీకేశాను. అరగంటకల్లా వేళ్లు భగభగా మండాయి. ఎన్ని నీళ్లు పోసుకున్నా తగ్గలేదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడిగాకే కాస్త ఊరట. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి ఈనెలోనే.

అసలు విశేషం ఏమిటంటే, క్యాప్సైసిన్ మనల్ని కాల్చదు. నరాల చివర వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. మామూలుగా సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది మేలుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలితే ఆ వేడి లేకపోయినా మేలుకుని, ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. మిరియాల్లోని పైపరిన్, అల్లంలోని జింజెరాల్ కూడా దీన్నే తట్టిలేపుతాయి, అయితే అంత బలంగా కాదు. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది. శొంఠి ఘాటు ఎక్కువ అనిపించేది అందుకే.

ఆవాల సంగతే వేరు. ఓసారి ఆవపిండిలో మరిగే నీళ్లు పోసి కలిపాను. చేదు తప్ప ఘాటన్నదే లేదు. మర్నాడు అదే పిండిని చన్నీళ్లతో కలిపి పది నిమిషాలు ఉంచి నాలుక మీద పెట్టుకుంటే నషాళానికి అంటింది. ఆవగింజలో ఘాటు ముందే సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలాక, మైరోసినేజ్ అనే ఎంజైమ్ గింజలోనే ఉండే సినిగ్రిన్‌ను విడగొడితే అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. మరిగే నీళ్లు ఆ ఎంజైమ్‌నే చంపేస్తాయి. పైగా ఈ ఘాటు పదార్థం ఆవిరయ్యేది, నోట్లో కంటే ముక్కులో ఎక్కువ తెలుస్తుంది. ఇది ప్రధానంగా తట్టేది కూడా టీఆర్‌పీఏ1 అనే వేరే గ్రాహకాన్ని. మిరపది కారం, ఆవాలది ఘాటు అని విడిగా చెప్పుకునే మన భాష నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది.

మిరపకాయ కొరికి నోరు మండితే మాత్రం నీళ్ల జోలికి పోకుండా పాలు తాగండి. ఆవ ఘాటుకు ఏదీ అక్కర్లేదు, నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలేలోపు అదే దిగిపోతుంది.